లెఫ్ట్ బ్యాక్ రేణుక

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. ప్రపంచంలోని జ్ఞానమంతా నా ద్వారా మనుషులకు అందుతుందని నన్ను పెట్టి పంపిన అట్టపెట్టెమీద రాసి ఉండేది. ఎక్కడో సముద్రం అవతల ఒక పొడవాటి బల్లమీద, తలకు టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు నాకు మెదడూ కళ్లూ బిగించారు. అంత శ్రమపడి తయారుచేసిన నన్ను హనుమకొండలో ప్లాట్లు అమ్మే ఆఫీసువాళ్లు కొన్నారు. ఎప్పటికీ రాని రింగురోడ్డు పక్కన, ఎక్కడా లేని పార్కు బొమ్మను జనానికి చూపించడమే నాలుగేళ్లపాటు నేను అందించిన జ్ఞానం. ఆఫీసు మూతపడ్డాక సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నాళ్లు దుమ్ము తిన్నాను. అక్కణ్ణుంచి కాజీపేటలో కట్కూరి విద్యాసాగర్ ఇంటికి చేరాను.

విద్యాసాగర్ కరెంటాఫీసులో గుమాస్తా. నన్ను తెచ్చింది తన కోసం కాదు, మామ కోసం. మామ ఐలయ్య ముప్పై ఏళ్లు రైల్వే ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా చేశాడు. ఆయన మైదానంలో కేక వేస్తే స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి వేసేవారట. అంత గొంతూ పక్షవాతంతో ఒక్క పూటలో మూగబోయింది. కుడి చెయ్యి, కుడి కాలు చెప్పిన మాట వినడం మానేశాయి. భార్య ఎప్పుడో పోయింది. కూతురు, అంటే విద్యాసాగర్ భార్య రేణుక, ఆయనను తన దగ్గరకు తెచ్చుకుంది.

మాట నేర్పే డాక్టరమ్మ ఒక ప్రోగ్రాం ఇచ్చింది. నా తెరమీద అరటిపండు కనిపించాలి, ఐలయ్య "అరటిపండు" అనాలి. తర్వాత గొడుగు. ఆ తర్వాత బాతు. జీవితమంతా పదకొండు మందిని గడగడలాడించిన మనిషి బాతును చూసి మొహం గోడవైపు తిప్పుకునేవాడు. నాకైతే ఆయనలో తప్పేమీ కనిపించలేదు.

"బాపూ, ఇది వద్దులే. నా పేరన్న అను. రే... ణు... క" అని రేణుక గడ్డం పట్టుకుని బతిమాలేది.

ఆయన పెదవులు వణికేవి. నాలుక లేచేది కాదు. రేణుక నవ్వుతూ లేచి వంటింట్లోకి వెళ్లి కొళాయి పూర్తిగా తిప్పేది. కడగడానికి గిన్నెలు లేనప్పుడు కూడా తిప్పేది. మొదటి ఆరు నెలల్లో రాని మాట తర్వాత రావడం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. అప్పటికే మూడు నెలలు గడిచాయి.

సరిగ్గా ఆ సమయంలో విద్యాసాగర్ నాలోకి ఒక ఆట ఎక్కించాడు. అందులో బంతిని తన్నక్కర్లేదు. ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరై, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎలా ఆడాలో చెబితే చాలు. జీవితంలో ఒక్కసారీ బంతిని తన్నని మనిషికి ఇంతకంటే తగిన ఆట ఉండదు. "మామకు తోడుగ కూసుంటున్న" అని భార్యకు చెప్పి, రోజూ ఆఫీసు నుంచి రాగానే మంచం పక్కన కూర్చుని ఆడేవాడు.

అతని వ్యూహం మహా సరళం. గోల్‌కీపర్ తప్ప అందరూ ముందుకు ఉరకాలి. ఎదుటి జట్టు బంతిని వెనకున్న ఖాళీలోకి పంపేది. అక్కడ వీళ్లెవరూ ఉండేవాళ్లు కాదు. ఐదు-సున్నా. ఆరు-ఒకటి. ప్రతి ఓటమి తర్వాతా విద్యాసాగర్ కళ్లజోడు తుడుచుకుని, ఇంకొకణ్ణి ముందుకు పంపేవాడు.

మామ మాత్రం గోడవైపు చూడటం మానేశాడు.

నాలుగో రోజు, వెనక ఎడమవైపు కాపలా కాయాల్సిన లెఫ్ట్ బ్యాక్ తన చోటు వదిలి ఏడోసారి పైకి పరుగెత్తాడు. అతని వెనక నుంచే గోల్ పడింది. ఐలయ్య ఎడమ చెయ్యి మంచం పట్టెమీద ధనాలున పడింది.

"గాడిది!"

రేణుక పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నడు? బాపు ఏమన్నడు?"

"నన్ను గాడిది అన్నడే! మామ నన్ను గాడిది అన్నడు!" విద్యాసాగర్ కళ్లలో నీళ్లు. గాడిద అనిపించుకుని అంత పొంగిపోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మర్నాటి నుంచి మౌస్ ఐలయ్య ఎడమచేతికి వెళ్లింది. గంటసేపు తంటాలు పడి నలుగురిని వెనక వరుసలో నిలిపాడు. వాళ్ల ముందు ఒకణ్ణి కదలకుండా కాపలా పెట్టాడు. వరుసల మధ్య ఖాళీ తగ్గించాడు. ఐదు గోల్స్ ఓటమి రెండుకు దిగింది. ఒక సాయంత్రం ఆట సున్నా-సున్నాగా ముగిసింది. మామా అల్లుడూ ప్రపంచాన్ని గెలిచినట్టు చేతులు పట్టుకున్నారు. ఎవరూ ఏమీ చేయలేకపోవడాన్ని మనుషులు అంత గొప్పగా జరుపుకుంటారని నాకు తెలియదు.

మాటలూ ఒకటొకటిగా వచ్చాయి. వెనక్కి. ఆగు. జరుగు. ఆఖరికి మిడ్‌ఫీల్డ్ కూడా.

"మిడ్‌ఫీల్డ్ అంటుండు" అంది రేణుక ఒకరోజు భర్తతో, చీపురు పట్టుకుని. "అంత పెద్ద మాట నోరు తిరుగుతుంది. నా పేరు మాత్రం వస్తలేదు."

విద్యాసాగర్ ఆమె చేతిలోని చీపురు తీసుకుని తనే ఊడవడం మొదలుపెట్టాడు.

ఆ లెఫ్ట్ బ్యాక్‌ది నోరు తిరగని విదేశీ పేరు. అతను పైకి పరుగెత్తినప్పుడల్లా ఐలయ్య పిలవలేక తెరమీద వేలితో పొడిచేవాడు. దెబ్బలన్నీ నాకే. ఒక మధ్యాహ్నం తండ్రి నిద్రలో, భర్త ఆఫీసులో ఉండగా రేణుక నన్ను తెరిచింది. రెండుసార్లు ఆటను మూసేసి, ఒకసారి గోల్‌కీపర్‌ను దాదాపు వేరే జట్టుకు అమ్మేసి, చివరికి పేర్లు మార్చే చోటు కనిపెట్టింది. గడ్డమున్న ఆ ఆరడుగుల మనిషికి తన పేరు పెట్టి, నన్ను మూసి, ఏమీ ఎరగనట్టు బట్టలు మడతపెట్టుకుంది.

ఆదివారం పొద్దున ఆ సీజన్లో చివరి మ్యాచ్. ఓడితే జట్టు కింది డివిజన్‌కు పడిపోతుంది, డ్రా అయినా చాలు. జాబితాలో పేరు చూసి విద్యాసాగర్ నోరు తెరిచాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య మొహం చూసి మూసుకున్నాడు. ఐలయ్య ఆ పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత ఆట మొదలుపెట్టమని వేలు చూపించాడు.

ఎనభై నిమిషాల దాకా సున్నా-సున్నా. అప్పుడు లెఫ్ట్ బ్యాక్‌కు పాత బుద్ధి పుట్టింది. చోటు వదిలి పైకి ఉరికాడు. ఐలయ్య మంచంమీద సగం లేచాడు.

"రే..." మెడనరాలు ఉబ్బాయి. "రే... ణు..."

రేణుక చేతిలో గరిటె ఆగిపోయింది.

"రేణుకా! వెనక్కి రా!"

తెరమీది రేణుక రాలేదు. నాకు చెవులు ఉన్నాయి గానీ ఆ ఆటగాళ్లకు లేవు. గుమ్మంలోని రేణుక మాత్రం గరిటెతో సహా వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడింది.

"మామా, గోల్ పడ్డది! జట్టు పాయె!" అని విద్యాసాగర్ గొల్లుమన్నాడు. అతణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. ఐలయ్య తెరను చూడటం లేదు. ఎడమచెయ్యి కూతురి తలమీద పెట్టి, ఈసారి మెల్లగా, ఎవరినీ వెనక్కి రమ్మనకుండా, ఉత్త పేరు మాత్రం పలికాడు.

అదంతా జరిగి రెండేళ్లు. నా తెరకు నిలువుగీతలు వచ్చాయి, ఇప్పుడు బీరువా మీద మూత వేసుకుని పడి ఉన్నాను. విద్యాసాగర్ కొత్త యంత్రం కొని దానిలో ఓడిపోతున్నాడు. ఐలయ్య చేతికర్రతో రైల్వే మైదానం దాకా వెళ్లి, అడగనివాళ్లకు కూడా సలహాలిచ్చి వస్తున్నాడు.

ఇంట్లో ఉన్నంతసేపూ పిలుస్తూనే ఉంటాడు. రేణుకా, చాయ్. రేణుకా, పేపర్. రేణుకా, ఆ ఫ్యాన్.

"ఊకూకె ఎందుకు పిలుస్తవ్ బాపూ? ఇక్కడ్నే ఉన్న కదా!" అని ఆమె కసురుకుంటుంది.

మొదటి పిలుపు ఆమెకు బాగానే వినిపిస్తుంది. బీరువా మీదినుంచి నాకు అంతా తెలుసు. అయినా చేతిలో పని ఆపి, అలాగే నిలబడి, రెండోసారి పిలిచేదాకా పలకదు.