ముడుచుకున్న కాలు

బుడ్డి కుంటడం మొదలుపెట్టేసరికి అందరి అనుమానమూ పిన్ని మీదికే పోయింది. బుడ్డికి ఏడేళ్లు. తల్లి పోయాక తండ్రి చేసుకున్న రెండో భార్యని పిన్ని అని పిలుస్తుంది. ఆమె కుట్టుదుకాణంలో కాజాలు కుడుతుంది. తండ్రి లిఫ్టులు బాగుచేస్తాడు.

"మెట్ల మీద పడిందా?" అని అడిగాడు తండ్రి.

"పడలేదండీ."

"మరి నువ్వేమైనా..."

మాట సగంలోనే మింగేశాడు గాని, ఆ సగమే ఆమెకు ముల్లులా దిగబడింది.

ఎముకల డాక్టరు తుంటికి ఎక్స్‌రే తీయించి, ఏమీ లేదు, విశ్రాంతి చాలన్నాడు. "బడి ఎగ్గొట్టే వేషాలివి," అని మేనత్త తేల్చేసింది.

కానీ పిల్ల ఒళ్లు కాలిపోతోంది. తిండి ముట్టడం లేదు. గౌను మారుస్తుంటే పిన్ని ఒకటి గమనించింది. పడుకున్నంతసేపూ బుడ్డి కుడి మోకాలు మడిచే ఉంచుకుంటోంది. మెల్లగా చాపబోతే కెవ్వుమంది. మడిచే ఉంచి కాలిని అటూ ఇటూ తిప్పితే మాత్రం ఊరుకుంది.

"మళ్లీ ఆసుపత్రికి పోదాం," అంది.

"ఎక్స్‌రే బాగుందన్నారుగా."

"నేనే కొట్టాననుకోండి. అదే డాక్టరుతో చెప్పండి. ముందు పిల్లని ఎత్తుకోండి."

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిన్ని చెప్పిందంతా విని, తుంటిని వదిలేసి పొట్ట కిందిభాగం నొక్కింది. బుడ్డి చప్పున ఆమె చెయ్యి పట్టేసుకుంది. స్కానింగులో విషయం బయటపడింది. వెన్ను పక్కనుంచి తొడలోకి దిగే కండరంలో చీము పట్టింది.

"తుంటి కీలు బాగానే ఉంది. నొప్పి మాత్రం అక్కడ తెలుస్తోంది. అరుదుగా వస్తుందిది," అంది డాక్టరమ్మ. "ఆలస్యమైతే రక్తంలోకి పాకేది."

"దెబ్బ వల్లనా?" అన్నాడు తండ్రి.

"దెబ్బే తగలక్కర్లేదు. గోకిన చిన్న పుండు చాలు. ఎవరో చేసింది కాదు."

సన్నటి గొట్టం వేసి చీము తీశారు. జ్వరం దిగిన రోజు, వార్డు బయట బల్ల మీద, "ఆవేళ నేనలా అనకుండా ఉండాల్సింది," అన్నాడతను.

"పూర్తిగా అనలేదుగా," అంది పిన్ని.

ఇంటికొచ్చాక బుడ్డి కొన్నాళ్లు గోడ పట్టుకుని నడిచింది. తిరిగి బడికి వెళ్లిన రోజు పిన్నే దిగబెట్టింది. గేటు దగ్గరున్న ఇద్దరు తల్లులు మాటలాపి పిల్ల కాలి వంక, తర్వాత ఆమె వంక చూశారు. పిన్ని పుస్తకాల సంచి బుడ్డి భుజానికి తగిలించి, పిల్ల తరగతిలోకి వెళ్లేదాకా అక్కడే నిలబడింది.