అబద్ధానికి పులవని బాన

నేను ఒక నీలి బానని. బందరు కాలవ పక్కన అద్దకాల వీధిలో, కోటిలింగం ఇంటి పెరటి వసారాలో, మెడ దాకా నేలలో పాతి ఉన్నాను. ఇప్పుడు అద్దకం లేదు, కడుపు నిండా మట్టి. అయినా నోరు మూసుకునే రకాన్ని కాను. నా మీద పడిన నింద సంగతి తేల్చేదాకా నన్ను పగలగొట్టడానికి ఎవరూ గునపం ఎత్తకండి.

కుమ్మరి నన్ను ధాన్యానికని చేశాడు. కోటిలింగం తాత కొనుక్కొచ్చి నీలిమందు, సున్నం, బెల్లం నీళ్ళు పోశాడు. అవి కలిసి పులిస్తే నీలి. ముంచిన గుడ్డ ఆకుపచ్చగా పైకొచ్చి, గాలి తగిలాక కళ్ళముందే నీలంగా మారుతుంది. ఆకాశం నీలం కాదు, నెమలి నీలం కాదు. తడిగా ఉన్నప్పుడు నలుపనిపించి, ఆరాక తన సంగతి చెప్పే ముదురు నీలం.

సందుకి అవతల శేషారత్నం అనే పంతులమ్మ ఒక అద్దె గదిలో ఆడపిల్లలకి చదువు చెప్పేది. ఆవిడ పద్యాలు చదువుతుంటే నా గురించి కవులేమన్నారో విన్నాను. దేవుడి మేనికి నేనే, విషం మింగిన గొంతుకి నేనే, వాలుజడకీ నల్లకలువకీ నేనే. చీకట్లో ప్రియుడి దగ్గరికి పోయే నాయికకి చీర కూడా నా రంగుదే, ఎవరి కంటా పడకూడదని. అంతా బాగానే ఉంది. కానీ నా కంపు ఎంతటిదో ఒక్క కవీ రాయలేదు. ముక్కు మూసుకుని రాసి ఉంటారు.

ఆ మనుషులే అబద్ధానికీ నా పేరే పెట్టారు. పుకారు పుడితే నీలివార్త అన్నారు. దానికో కారణముంది. బాన పులవకపోతే ఊళ్ళో ఒక అబద్ధం పుట్టించాలని, దాన్ని ఎంతమంది నమ్మితే నీలి అంత బాగా దిగుతుందని అద్దకంవాళ్ళ నమ్మకం. కోటిలింగం మామూలుగా సముద్రం ఒడ్డుకి రెండు తలల తాబేలు కొట్టుకొచ్చిందనో, గేదె గుడ్డు పెట్టిందనో చెప్పొచ్చేవాడు. జనం నవ్వుకునేవారు, ఎవరికీ నష్టం లేదు.

ఒక ఏడు మార్గశిరం చలికి నేను మొండికేశాను. ముంచిన గుడ్డ బురదరంగులో తేలింది. తాబేళ్ళని ఎవరూ నమ్మడం మానేశారని కోటిలింగం ఈసారి కొత్తది పుట్టించాడు. పంతులమ్మ పడవ సరంగుతో లేచిపోతోందన్నాడు. గేదె గుడ్డు పెట్టిందంటే నమ్మని ఊరు, ఒంటరి ఆడది లేచిపోతుందంటే మధ్యాహ్నం భోజనాల వేళకే నమ్మేసింది. పదకొండు మంది పిల్లల్లో మూడో రోజుకి ఇద్దరు మిగిలారు. కోటిలింగం తన కూతురు తాయారుని కూడా మానిపించాడు. తను పుట్టించినదాన్ని తనే నమ్మినట్టు కనపడాలి కదా. సోమవారానికి పిల్లలు రాకపోతే గది ఖాళీ చెయ్యమని అద్దెకిచ్చిన ఇంటాయన కబురు పెట్టాడు. ఆవిడకి ఆ బడి తప్ప వేరే ఆధారం లేదు.

ఈలోగా కోటిలింగం భార్య నాంచారమ్మ, మొగుడు బజారుకి పోయినప్పుడల్లా, నా చుట్టూ మట్టి తీసి ఊక పోసి రాజేసింది. నాకు కావలసింది ఆ వెచ్చదనం. నేను పులిశాను.

ఆదివారం పొద్దున శేషారత్నం వసారాలోకి వచ్చింది.

"కోటిలింగంగారూ, నా గురించి ఊళ్ళో చెప్పింది మీరేనా?"

"నీలి కోసం అన్న మాటండీ అమ్మగారూ. మా తాతల కాణ్ణుంచీ ఉన్నదే. జనం వాళ్ళే మర్చిపోతారు, పట్టించుకోమాకండి."

"నేను మర్చిపోనండి."

ఆవిడ కొంగు దోపుకుని, నా ముందు గొంతుకూర్చుని, రెండు చేతులూ మోచేతుల దాకా నాలో ముంచింది. నా జన్మలో అంత కోపంగా ఎవరూ నన్ను తాకలేదు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఉన్న రంగంతా ఇచ్చేశాను. చేతులు ఆకుపచ్చగా పైకొచ్చి, చూస్తుండగానే నీలమయ్యాయి.

"చూశారా, పట్టింది," అన్నాడు కోటిలింగం, సిగ్గు లేకుండా. "ఆ మాట పనిచేసింది."

"మాట కాదు, ఊక," అంది నాంచారమ్మ. "మూడు రోజుల్నించీ నేను రాజేస్తన్నా. నువ్వు బజార్లో ఉన్నావు." తర్వాత పంతులమ్మ వైపు తిరిగి, "నిమ్మకాయ తెస్తానుండండి, రుద్దితే కాస్త పోద్ది," అంది.

"వద్దు నాంచారమ్మా. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఊరికి తెలియాలి."

ఆవిడ కాలవలో చేతులు కడుక్కుని, దాచుకోకుండా బజారు మధ్యగా నడిచి వెళ్ళింది. అద్దకంవాళ్ళ ఆనవాయితీ తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆ మాట ఏ బాన కోసం పుట్టిందో నీలం చేతులే చెప్పాయి. అడగక్కర్లేకపోయింది.

సోమవారం సంగతి తాయారు వాళ్ళమ్మకి చెబుతుంటే విన్నాను. నాంచారమ్మే దాన్ని చెయ్యిపట్టుకుని దిగబెట్టి వచ్చింది. తొమ్మిది మంది వచ్చారట. తల్లులు గుమ్మం దగ్గరే నిలబడిపోయారట, మాట అబద్ధమైనా మచ్చ పిల్లలకి అంటుతుందేమోనని, లోపలికి పంపాలో వద్దో తేల్చుకోలేక. పంతులమ్మ పాఠం మొదలుపెట్టలేదు. చేతులు చాచి, పిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచింది.

"ముట్టుకోండి," అంది.

పిల్లలు ముట్టుకున్నారు. గట్టిగా రుద్ది చూశారు. తర్వాత తమ అరచేతులు తిప్పి చూసుకుని, గుమ్మం దగ్గరున్న అమ్మలకి ఎత్తి చూపించారు. ఒక్క చేతికీ ఏమీ అంటలేదు.