వెర్లిన్ పరామర్శ

ఎల్మ్ ఫోర్క్‌లో ఎవరింట్లో చావు జరిగినా పాస్టరు కంటే ముందు గుమ్మమెక్కేది హార్డ్‌వేర్ షాపు వెర్లిన్. చేతిలో గాజు గిన్నె, అందులో కీమా మీద బంగాళాదుంప ముక్కలు పరిచి ఓవెన్‌లో కాల్చిన హాట్‌డిష్. గిన్నె అడుగున షాపు పేరు రాసిన టేపు ముక్క. మిన్నెసోటాలో పరాయివాళ్ళ గిన్నె ఎవరూ ఉంచేసుకోరు, కడిగి తెచ్చిస్తారు. తెచ్చినవాళ్ళు వట్టి చేతులతో పోలేక ఓ పెయింటు డబ్బానో, రెండు బల్బులో కొనుక్కుని మరీ పోతారు.

వండేది మాత్రం కౌంటర్‌లో కూచునే ఆర్డిస్. మొగుడు పోయినప్పుడు ఆమె గుమ్మంలోకీ అలాంటి గిన్నె వచ్చింది. ఆ ఒక్క పూట తిండికి కరిగిపోయి, హైవే మీద పెద్ద షాపు తెరిచినా అటు తొంగి చూడలేదు. చివరికి వెర్లిన్ దగ్గరే పనికి కుదిరింది.

మంగళవారం బెర్నిస్ పోయిందని కబురొచ్చింది. పూల విత్తనాల దగ్గర్నుంచి మంచు ఎత్తే పార దాకా, నలభై ఏళ్ళుగా వేరే షాపు ఎరగని మనిషి. ఆర్డిస్ తెల్లారేసరికి వండి తెచ్చి, ఎప్పుడు వెళ్తున్నావని వెర్లిన్‌ని అడిగింది. అతను తల కూడా ఎత్తలేదు. బెర్నిస్ మొగుడు క్లేటన్ ఇల్లు అమ్మేసి ఫార్గోలో కూతురి దగ్గరికి పోతున్నాడట, అలాంటివాడికి గిన్నె దండగట. హ్యూబర్ట్ వాళ్ళ ముసలమ్మ ఇవాళో రేపో అన్నట్టుంది, వాళ్ళు వంటగది కొత్తగా కట్టించుకుంటున్నారు, ఈ గిన్నె వాళ్ళ కోసం ఫ్రీజర్‌లో పెట్టి ఉంచమన్నాడు.

"మరి మా ఇంటికెందుకు తెచ్చావు?" అంది ఆర్డిస్.

"ఆ ఏడు మీ ఇంటి కప్పు కారుతోంది కదా. పలకలన్నీ మన దగ్గరే కొన్నావు," అన్నాడు వెర్లిన్, మేకుల సైజు చెప్పినంత మామూలుగా.

ఆమెకు ఒళ్ళంతా కంపరమెత్తింది. ఛీ, ఏడుస్తున్న మనిషి ముందు నిలబడి నెత్తిమీద కప్పుకేసి చూశాడన్నమాట. అలాంటివాడి కోసమా తను ఇన్నేళ్ళూ ఉల్లిపాయలు తరిగింది? గిన్నె చంకన పెట్టుకుని, కోటు తగిలించుకుని బయటికి నడిచింది. వాడి బండారం క్లేటన్‌కి చెప్పేసి, ఊరంతటికీ చెప్పాలనుకుంది. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంది.

క్లేటన్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తలుపు తీసిపెట్టుకుని ఉన్నాడు.

"పొద్దున్నుంచీ కిటికీ దగ్గరే కూచున్నా, అమ్మాయ్. వెర్లిన్ అందరిళ్ళకీ వెళ్తాడు కదా, మా ఇంటికి రాడేమోనని బెంగపడ్డా. బెర్నిస్‌ని వాడెలా మర్చిపోతాడులే అని నాకు నేనే చెప్పుకుంటున్నా."

ఆర్డిస్ చంకలో గిన్నె తీసి ఆయన చేతుల్లో పెట్టింది.

"షాపు వదిలి రాలేక నన్ను పంపాడు," అంది. "ఇందాక అంతసేపూ బెర్నిస్ గురించే చెప్పాడు."

ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. వెర్లిన్ చాలా మంచివాడన్నాడు.

"అవును, మంచివాడే," అంది ఆర్డిస్. అన్నాక తన నోరంటేనే ఆమెకు అసహ్యం వేసింది.