ఎదురింటి మెట్ల మీద దీపం

నా భర్త రాయిస్ బతికున్నన్నాళ్లూ ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ ఆయనే చదివేవాడు. ఆయన పోయాక, అరవై ఏడో ఏట, మిసిసిపీలోని మా చిన్న ఊరి గ్రంథాలయంలో అక్షరాలు నేర్చుకున్నాను. అక్కడి కంప్యూటర్‌లో ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి పేజీ, పిల్లల మీద అఘాయిత్యం చేసి శిక్ష పడ్డవాళ్ల జాబితా. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదువుతుంటే మా వీధి పేరు తగిలింది. తర్వాత ఎదురింటి నంబరు. వేలు అక్కడే ఆగిపోయింది. మనిషి పేరు ఇంకా కిందుంది.

ఆ ఇంట్లోకి అన్సెల్ ప్రూయిట్ అనే ముసలాయన వసంతంలోనే అద్దెకు దిగాడు.

చర్చి వంటగదిలో నా స్నేహితురాలు వెర్లీన్‌తో చెప్పాను. "నేనే చదివానే, మా ఎదురింటి నంబరు, నాలుగు వందల పదిహేడు!"

"నీ గేటు బాగుచేసి పెట్టినాయనేగా? అమ్మో!" వెర్లీన్ ఫోన్ తీసింది. "ఇదిగో, ఆ జాబితా పటంలో ఆ ఇంటి మీద ఎర్ర చుక్క. నీ చదువు చల్లగుండ!"

గురువారం హాలోవీన్, పిల్లలు దయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ మిఠాయిలడిగే పండగ. అన్సెల్ వాకిట్లో దీపం పెట్టి, ఒళ్లో మిఠాయిల గిన్నెతో మెట్ల మీద కూర్చున్నాడు. ముసుగులేసుకున్న పిల్లల్ని తల్లులు ఇటువైపుకి లాక్కొచ్చేశారు.

"ఒడెస్సా గారూ, ఈ వీధి పిల్లలకి తీపంటే పడదా ఏంటి? ఇవన్నీ తినడానికి నాకు పళ్లు కూడా లేవే!" అని కేకేశాడు.

నేను తలుపేసుకున్నాను.

మనసాగక మర్నాడు మళ్లీ గ్రంథాలయానికి వెళ్లి, ఈసారి చివరిదాకా వేలు నడిపాను. పేరు వేరే ఎవరిదో. ఆ చిరునామా సరిచూసి మూడేళ్లయిందట, అన్సెల్ ఆ ఇంట్లోకి రాకముందు. వెంటనే వెర్లీన్‌కి చెప్పాల్సింది. కొత్తగా నేర్చిన చదువు చూసి నవ్వుతారని, ఆదివారం చర్చిలో నెమ్మదిగా చెబుదాంలే అనుకున్నాను.

శనివారం తెల్లవారేసరికి ఆ ఇల్లు బూడిదైంది. అన్సెల్ బయటికి రాలేదు.

ఆదివారం అందరి ముందూ నిలబడి చెప్పాను.

"ఇప్పుడు చెప్పి ఏం లాభమే?" అంది వెర్లీన్, నా మొహం చూడకుండా.

ఏడాది గడిచింది. ఎదురుగా కాలిన మెట్లు తప్ప ఏమీ లేవు. పటంలో చుక్క మాత్రం అలాగే ఉంది.

ఈ హాలోవీన్ సాయంత్రం నా గిన్నెలోంచి మిఠాయి తీసుకుంటూ, పిల్లి ముసుగేసుకున్న ఓ చిన్నపిల్ల వీధి అవతలికి చూసింది.

"అమ్మమ్మా, దీపం పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడే, ఆ తాత దగ్గరికి కూడా వెళ్లొచ్చా?"

నాకూ కనిపిస్తున్నాడు. ఏడాదిగా ప్రతి సాయంత్రమూ.

"వెళ్లు తల్లీ," అన్నాను, వీధంతా వినబడేలా. "ఆ తాత ఎవరికీ ఏ కీడూ చెయ్యలేదు."