వారం నుంచి తియ్యని బండి

"దానికేమన్నా జ్వరం వచ్చిందా, చెయ్యి పెట్టి చూస్తున్నావు?"

భర్త వేసిన జోకుకి బండి అమ్మే ఆసామి పగలబడి నవ్వాడు. బడికి సెలవు పెట్టి వచ్చిన టీచరమ్మ నవ్వలేదు. బానెట్ మీద వేసిన అరచెయ్యి తీసి, తిప్పి, వెనక వైపు ఆనించి మళ్ళీ చూసింది. చంటిపిల్లల బడిలో పద్నాలుగేళ్ళుగా రోజుకి పాతిక నుదుళ్ళు ముట్టుకునే చెయ్యి అది. ఎండలో ఆడి వేడెక్కిన నుదురేదో, లోపల్నుంచి కాగుతున్న నుదురేదో దానికి ఇంకొకరు చెప్పక్కర్లేదు. పైగా బండి నిలబెట్టింది షెడ్డు నీడలో. వేడి లోపలిదే. ఆమెకి ప్రాణం ఉసూరుమంది, ఎందుకంటే ఆ బండి అప్పటికే తెగ నచ్చేసింది.

ఎనిమిది మంది కూర్చునే వ్యాను. తలుపు పక్కకి జరుగుతుంది, మెట్టు కిందికి ఉంటుంది, తుంటి ఎముక ఆపరేషనైన అత్తగారు ఎవరి భుజమూ పట్టుకోకుండా ఎక్కొచ్చు. వీళ్ళింట్లో బండి కొనేది భర్త, నడిపేది టీచరమ్మ. ఈ ఏర్పాటు ఎవరూ కూర్చుని చేసింది కాదు, అలా అయిపోయింది అంతే. పాత కారు క్లచ్ కాలుతున్న వాసన వస్తోందని ఆమె నెల రోజులు మొత్తుకుంది. "నీకు అన్నీ వాసనలే" అన్నాడాయన. "వాడికి తెలీదా అమ్మా" అన్నారు అత్తగారు. ఆ అత్తగారే వెనక సీట్లో, కొత్త తుంటితో, ఇద్దరు పిల్లల మధ్య ఉండగా నాలుగు రోడ్ల కూడలిలో కారు చచ్చి కూర్చుంది. ముందూ వెనకా హారన్లు. చెప్పులు విడిచి, తోసి, చెమటలు కక్కుతూ ఫోన్ చేస్తే భర్త అడిగిన మొదటి మాట, "ఏం చేశావు దాన్ని?" ఆ రోజుతో ఇంట్లో కారు లేకుండా పోయింది. ఆ కారుని లాక్కెళ్ళిన మెకానిక్ మాత్రం ఒక మంచి ముక్క చెప్పాడు. "అమ్మా, పాత బండి చూడ్డానికి వెళ్తే ముందు బానెట్ ముట్టుకో. నువ్వెళ్ళేసరికే వేడిగా ఉంటే వెనక్కి తిరిగొచ్చెయ్. చల్లటి ఇంజన్ని మొదటిసారి తిప్పినప్పుడే దాని రోగాలన్నీ బయటపడతాయి. ముందే వేడిచేసి ఉంచారంటే ఏదో దాస్తున్నట్టే."

వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసి సర్వజ్ఞులైన భర్తగారు ఈ లోపల నాలుగు టైర్లనీ తన్ని, రంగు మీద గోరుతో గీకి, సంతృప్తిగా తలాడించారు.

"వారం నుంచి బయటికి తియ్యలేదన్నారు కదండీ ఫోన్లో," అందామె ఆసామితో.

"తియ్యలేదమ్మా. నాకు ఆఫీసు బస్సుంది. ఇది ఊరికే పడుంటుంది."

"మరి వేడిగా ఉంది."

భర్త చప్పున అందుకున్నాడు. "ఏమనుకోకండి, ఆవిడకి కాస్త అనుమానం ఎక్కువ. మీరు స్టార్ట్ చేసి చూపించండి."

ఆసామి ముఖం చిన్నబోయింది. "నేను అబద్ధమాడే మనిషిని కానమ్మా" అంటూ తలుపు తీసి లోపల కూర్చోబోయాడు. కూర్చోలేకపోయాడు. ఆరడుగుల మనిషి, మోకాళ్ళు రెండూ వెళ్ళి స్టీరింగుకి ఢీకొన్నాయి. సీటు ముందుకి జరిపి ఉంది, బాగా ముందుకి. వెనక రోడ్డు కనబడాల్సిన అద్దంలో ఆయన చొక్కా గుండీలు కనబడుతున్నాయి. "ఈ పిల్లలొకళ్ళు, ఆడుకోడానికి ఇంకేం దొరకదు వీళ్ళకి," అని సణుగుతూ సీటు మీట కోసం తడుముకున్నాడు. అది ఎటు వైపుందో కూడా ఆయనకి గుర్తులేదు.

టీచరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. అబద్ధం ఆడేవాళ్ళ ముఖాలు ఆమెకి కొత్త కాదు, రోజూ నాలుగేళ్ళ వాళ్ళతోనే కదా పని. ఈయన అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే వారం నుంచి బండి కదల్లేదని నమ్ముతున్నాడు. మరైతే ఈ వేడెక్కడిది?

"పొద్దున నేనే తీశానండీ."

వంటింటి గుమ్మంలో, తడి చేతులు తుడుచుకుంటూ, పొట్టిగా ఒకావిడ. ఆసామి భార్య. ఇందాక మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళిన ఇంటావిడ.

"నువ్వా? ఎప్పుడు?" అన్నాడు ఆసామి, మోకాళ్ళు ఇంకా ఇరుక్కుని ఉండగానే.

"మీరు లేవకముందు. ఇవాళ మీకు సెలవు కదా. పిల్లల్ని బడిలో దింపి, మామయ్యగారిని కాలు వ్యాయామానికి తీసుకెళ్ళి తీసుకొచ్చాను."

"ఇవాళా?"

"రోజూనే కదండీ."

పిల్లలు బడికి వెళ్తున్నారనీ, తండ్రి కాలు బాగుపడుతోందనీ, ఇంట్లోకి సరుకులు వస్తున్నాయనీ ఆసామికి తెలుసు. అవన్నీ ఎలాగో జరుగుతున్నాయనుకున్నాడు. ఆయన తీస్తేనే బండి తీసినట్టు, లేకపోతే షెడ్డులో ఉన్నట్టే. తన భర్త కూడా సరిగ్గా ఇలాగే మాట్లాడతాడని టీచరమ్మకి గుర్తొచ్చింది. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"చల్లారేదాకా ఏం కూర్చుంటారు, ఒక చుట్టు తిప్పి చూపిస్తాను, రండి," అంది ఇంటావిడ.

ఆసామి దిగాడు, టీచరమ్మ పక్క సీట్లోకి ఎక్కింది. ఇంటావిడ సీటెక్కితే అది ఆవిడ కొలతకి కుట్టించినట్టుంది. తాళంచెవి సగం తిప్పి, ఆగి, "పొద్దున్నే అయితే ఇక్కడ ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవాలండీ. వెంటనే తిప్పితే అలుగుతుంది," అని పూర్తిగా తిప్పింది. ఇంజన్ గొంతు సవరించుకున్నట్టు లేచింది. సందు మలుపులో అద్దం వైపు చూడకుండానే గోడకి జానెడు దూరంలో బండిని ఒడుపుగా లాగింది. మాటలు మాత్రం ఆగలేదు. మూడో గేరు చలికాలంలో కాస్త బతిమాలించుకుంటుందట. దిగుడు రోడ్డులో బ్రేకు మీద బరువు వెయ్యకుండా గేరు తగ్గించుకుంటూ వస్తుందట, అందుకే బ్రేకు ప్యాడ్లు అందరికీ వచ్చినదానికి రెండింతల కాలం వచ్చాయట. రేడియేటర్లో నీళ్ళు ప్రతి ఆదివారం తనే చూస్తుందట. ఎడమవైపు కిటికీ సగమే దిగుతుంది, వైపరు మొదటి వానకి మూలుగుతుంది, అవి రెండూ తప్ప దాచడానికి ఏమీ లేదంది. ఆడపడుచుకి నొప్పులొచ్చినప్పుడు కుండపోత వానలో మధ్య సీట్లో పడుకోబెట్టి పదకొండు నిమిషాల్లో ఆసుపత్రికి చేర్చిందట.

"తొమ్మిదేళ్ళండీ. దారిలో ఒక్కసారి కూడా ఆగలేదు."

తొమ్మిదేళ్ళలో ఎన్ని పొద్దులు, ఎన్ని మలుపులు, వెనక ఎన్ని ప్రాణాలు! ఆ గేర్ల మీద మెత్తగా ఆడుతున్న చేతిని టీచరమ్మ అలా చూస్తూ ఉండిపోయింది. ఆ మణికట్టులో ఇంత విద్య ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. గోడకి తగిలించే పటం లేదు, పేరు పక్కన రాసుకునే డిగ్రీ లేదు. నమ్మకమైన బండి అంటే ఏమిటో సర్వజ్ఞులవారి వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. ఒక మనిషి తొమ్మిదేళ్ళు చెవి ఒగ్గి వింటే బండి నమ్మకమైనదవుతుంది, అంతకుమించి అందులో రహస్యమేమీ లేదు. తనకీ క్లచ్ వాసన ముందే తెలిసింది కదా. అది అనుమానం కాదు, ఇదే విద్య! ఆ ఆలోచన రాగానే ఆమెకి కళ్ళు చెమర్చాయి.

"ఇంత మంచి బండి ఎందుకు అమ్ముతున్నారండీ?"

"ఆయన చిన్న కారు బుక్ చేశారు. ఆఫీసువాళ్ళ ముందు బాగుంటుందని. పొద్దున వెళ్తే రాత్రికే వస్తుంది అది. ఇదెలాగూ ఖాళీగానే ఉంటుంది కదా అన్నారు."

"మరి మామయ్యగారు, పిల్లలు?"

ఇంటావిడ గేరు మార్చింది. "చూసుకోవాలి, ఏదో."

"మీరేమన్నారు?"

"నన్నెవరు అడిగారు?" అందావిడ. బండిని ఇంటి సందులోకి తిప్పింది.

షెడ్డు ముందు మగవాళ్ళిద్దరూ అప్పటికే దోస్తులైపోయారు. బేరం కుదిరిపోయిందని ముఖాలే చెబుతున్నాయి. "ఇప్పుడు కుదుటపడ్డావా? ఖాయం చేసేద్దాం మరి," అన్నాడు భర్త. టీచరమ్మ బండి చుట్టూ ఒకసారి చూసింది. ఎల్లుండి అత్తగారిని డాక్టరుకి చూపించాలి. రెండు బస్సులు మారాలి, బస్సు మెట్టు ఎత్తు, ఆవిడ మూలుగు, జనం విసుగు. తల ఊపితే చాలు, కూడలిలో చెప్పులు విడిచి తోసే రోజు ఇక రాదు. ఇంతగా కావాలనుకున్న వస్తువు ఆమెకి ఈ మధ్యకాలంలో ఇంకోటి లేదు. ఊపడానికి తల సగం వంచింది కూడా.

తర్వాత ఇంటావిడ వైపు తిరిగి అడిగింది. "మీరు అమ్ముతున్నారా అండీ?"

"అదేం మాటమ్మా, అమ్మేది నేనూ," అని నవ్వాడు ఆసామి. ఎవరూ కలిసి నవ్వలేదు. తాళంచెవి ఇంకా ఇంటావిడ గుప్పిట్లోనే ఉంది.

"లేదు," అంది ఇంటావిడ. తన గొంతు తనకే వినబడలేదో ఏమో, ఈసారి మొగుడి ముఖంలోకి చూసి గట్టిగా చెప్పింది. "నేను అమ్మట్లేదండీ."

బస్ స్టాపు దాకా భర్త ముఖం మాడ్చుకునే నడిచాడు. చివరికి ఉండబట్టలేక తిరిగి నిలబడ్డాడు. "చేతిదాకా వచ్చినదాన్ని నీ నోటితో నువ్వే చెడగొట్టావు. అంత నమ్మకమైన బండి మనకి మళ్ళీ దొరుకుతుందా?"

"దొరకదు," అంది టీచరమ్మ. "అందుకే ఆవిణ్ణి అడిగాను."