ఐదో నెల దాకా

తెల్లవారేసరికి ఆకాశం తోమని ఇత్తడి పళ్ళెంలా ఉంది. వాన కురవదు, మబ్బు విడవదు. పుష్పలత ఆ ఉక్కలోనే మొగుడి క్యారేజీ సర్దుతోంది. గుమ్మంలోంచి అత్తగారు రూతమ్మ మళ్ళీ అదే మాట ఎత్తింది.

“ఐదో నెలొచ్చి పాస్టరుగారు ప్రార్థన చేసేదాకా ఎవరికీ చెప్పకమ్మాయ్. మొదటిసారి ఆసుపత్రంతా చాటుకున్నావు, దిష్టి తగిలి పోయింది.”

బడిపంతులు మత్తయి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, “అమ్మ మన మంచికే చెబుతుంది కదా. రెండు నెలలు ఓపిక పట్టలేవా?” అన్నాడు.

ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి వెళ్తూ రాజోలు బస్సులో కమ్మీ పట్టుకుని నిలబడ్డంతసేపూ ఆ ఓపిక అన్న మాటే ఆమె బుర్రలో తిరిగింది. దేనికి ఓపిక? బరువైన రోగుల్ని లేపమంటే నడుం నొప్పని తప్పించుకోవచ్చు. ఎక్స్-రే గదిని ఎలా తప్పించుకుంటుంది? పిల్లలు కదిలితే పటం చెడుతుంది కాబట్టి డ్యూటీలో ఉన్న సిస్టరే పట్టుకోవాలి, అది అక్కడి అలవాటు. కడుపుతో ఉన్నవాళ్ళు ఆ గదిలోకి పోకూడదని ట్రైనింగులో చెప్పారు. మొదటి కడుపు పోయిన వారంలో ముగ్గురు పిల్లల్ని పట్టుకుంది. దానివల్లే పోయిందో కాదో ఎవరు చెప్పగలరు? ఆ అనుమానం మాత్రం ముల్లులా లోపలే ఉండిపోయింది.

పది గంటలకి పిలుపు రానే వచ్చింది. బల్ల మీద చెయ్యి విరిగిన మూడేళ్ళ పిల్లాడు ఏడుస్తున్నాడు. పక్కనే వాడి నాయనమ్మ నూకాలమ్మ. తమ వీధిలో చేపలమ్మే మనిషే.

“కాస్త పట్టుకోండి సిస్టరుగారూ, క్షణం పని,” అన్నాడు కిరణాలు తగలకుండా సీసం కోటు తొడుక్కున్న ఆపరేటరు బుచ్చిరాజు.

“ఆ సీసం కోటు నాకిస్తారా?”

“ఉన్నదొక్కటేనండీ. రోజంతా ఇక్కడ చచ్చేది నేనే కదండీ!”

అదీ నిజమే. పుష్పలత చేతులు అలవాటుగా ముందుకి సాగి, ఆగిపోయాయి. నూకాలమ్మ వింటే మధ్యాహ్నానికి వీధి వీధంతా వింటుంది.

“నాకు మూడో నెలండీ. పట్టుకోను.”

గుమ్మంలో ఉన్న మేట్రన్ జానకమ్మగారు మొహం చిట్లించింది. “పెళ్ళైనవాళ్ళతో ఎప్పుడూ ఇదే గొడవ! మరి ఎవరు పట్టుకుంటారు?”

“నేను పట్టుకుంటాను,” అంది నూకాలమ్మ చెంగు బిగిస్తూ. “నాకింక కాన్పులేం ఉంటాయండీ? ఆ కోటు ఈ ముసిల్దానికి కప్పండి బాబూ. సిస్టరుగారూ, మీరెళ్ళి ఆ తలుపవతల నించోండి!”

బుచ్చిరాజు నవ్వలేక, నవ్వాపుకోలేక కోటు విప్పాడు.

దీపాలవేళకి రూతమ్మ కొడుక్కి మాత్రమే కంచం పెట్టింది. ఆడవాళ్ళు తర్వాత తినడం ఆ ఇంటి పద్ధతి. పుష్పలత ఇంకో రెండు కంచాలు తెచ్చి పక్కన పెట్టి కూర్చుంది.

“నూకాలమ్మ చెప్పింది,” అంది రూతమ్మ గరిటె పట్టుకుని. “ఈసారీ చాటుకున్నావన్నమాట.”

“మొదటిసారి నేనెవరికీ చెప్పలేదండీ అత్తయ్యగారూ. చెప్పకుండానే ఆ గదిలో ముగ్గురు పిల్లల్ని పట్టుకున్నాను.”

గరిటె గిన్నె మీద ఆగిపోయింది. మత్తయి తలెత్తి పెళ్ళాన్నీ, తల్లినీ చూసి, కంచంలోకి చూశాడు. రూతమ్మ కోడలి కంచంలో ముందు వడ్డించి, తనూ కూర్చుంది. ముగ్గురూ కలిసే తిన్నారు.