వెనక నుంచి పిలిస్తే

శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడ పక్క బడిలో నాలుగో తరగతి చదివే నవనీత, వెనక నుంచి ఎవరు ముట్టుకున్నా తిరగబడి కొట్టేది. పొగరుబోతు పిల్ల అని అందరూ అనుకునేవారు. ఆ రోజు అఖిల పిలిచి పిలిచి విసుగెత్తి జడ లాగింది. నవనీత గిర్రున తిరిగి ఇనుప కంపాస్ డబ్బాతో దాని నుదురు పగలగొట్టింది.

కాసేపటికే అఖిల తండ్రి జంగయ్య తరగతిలోకి దూసుకొచ్చాడు. నవనీతను జుట్టు పట్టి లేపి చెంపలు వాయించాడు. అడ్డం వచ్చిన వసుంధర టీచరును తోసేస్తే, ఆమె బల్ల మీద పడి పెదవి చిట్లింది.

"నా బిడ్డను సంపుతుంటే సూసుకుంట కూసున్నవా?" అంటూ మళ్ళీ నవనీత మీదికి చెయ్యెత్తాడు.

అప్పుడే ఒక విమానం, రోజూకంటే బాగా కిందుగా, పైకప్పు అదిరేలా నెత్తి మీద నుంచి పోయింది. జంగయ్యతో సహా అందరూ ఉలిక్కిపడి పైకి చూశారు. నవనీత ఒక్కతే తల ఎత్తలేదు. వసుంధరకు అనుమానం వచ్చింది. ఆ పిల్ల వీపు వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టింది. పిల్ల కదల్లేదు.

"ఈ పిల్లకి వినబడదండీ," అంది నోట్లో నెత్తురు మింగుతూ. "దడుచుకుని కొడుతోంది."

జంగయ్య చెయ్యి దిగింది. "గీ ముచ్చట ఎవలూ జెప్పలే," అని గొణిగి, కూతుర్ని ఎత్తుకుని దవాఖానకు పోయాడు.

వసుంధర ఆసుపత్రుల చుట్టూ తిరిగి తిరిగి నవనీతకు చెవి మిషన్ పెట్టించి, ముందు బెంచీలో కూర్చోబెట్టింది. ఎదురుగా వచ్చి పలకరించమని పిల్లలకు నేర్పింది. నుదుటి కుట్లు మానేదాకా అఖిల దాని దరిదాపులకు పోలేదు. తర్వాత ఒకనాడు ఎదుట నిలబడి, భయం భయంగా రబ్బరు అడిగింది. నవనీత తీసి ఇచ్చింది.